ఒతీలియా కడిగేసిన కప్పు

ఒతీలియాకు నోరెక్కువని మేతా నది ఒడ్డున అందరూ అంటారు. నోరు లేకపోతే ఇన్నేళ్లుగా విమానాశ్రయం గేటు పక్కన కాఫీ బడ్డీ ఎలా నడుపుతుంది లెండి! ఆమె చేతి మొక్కజొన్న రొట్టె తినందే సరుకు విమానాల వాళ్లు ఎవరూ పైకెక్కరు. ఆమె మొగుడు ఎలియెసెర్ ఆ విమానాల మెకానిక్కు. అక్కడొక రివాజు ఉంది. ఇంజను విప్పి బిగించినవాడు తనూ ఆ విమానంలో ఎక్కాలి. తన పనిమీద తనకే నమ్మకం లేకపోతే ఇంకెవరికుంటుంది?

ఒతీలియాకూ తన నమ్మకం తనకుంది. ఎలియెసెర్ ఎప్పుడూ సగం కప్పు కాఫీ వదిలి వెళ్తాడు. మిగిలిన కాఫీ మనిషిని వెనక్కి లాక్కొస్తుందని అత్తగారు చెప్పింది. అతను తిరిగొచ్చేదాకా, ఈగలు ముసిరినా సరే, ఆ కప్పును కడగదు, ఎవరినీ ముట్టుకోనివ్వదు.

ఆ రోజు పొద్దున్నే గొడవైంది. ఎడమ ఇంజను ముందురోజు నుంచీ దగ్గుతోంది.

"ఇవాళ వద్దయ్యా. నా మనసు కీడు శంకిస్తోంది."

"బాగుచేసింది నేను. నేనే ఎక్కకపోతే కెప్టెన్ ఏ ధైర్యంతో ఎక్కుతాడే?"

"అయితే ఆ ఇంజన్నే కట్టుకుని ఊరేగు! నాతో నీకేం పని?"

అతను సగం కాఫీ వదిలేసి వెళ్లిపోయాడు. ఒతీలియాకు ఒళ్లు మండిపోయింది. కాఫీ పారబోసి, కప్పు బరబరా తోమి బోర్లించింది.

చేతులింకా ఆరలేదు. పరుపులూ బంగాళాదుంప బస్తాలూ నింపుకున్న విమానం నేల వదిలిందో లేదో, ఎడమ ఇంజను ఢామ్మని పేలి నల్లటి పొగ కక్కింది. విమానం ఒక పక్కకు ఒరిగి, చెట్ల వెనక వరిమళ్లలోకి జారిపోయింది.

"అయ్యో దేవుడా! నా చేతులారా చంపుకున్నానే!" అంటూ ఒతీలియా చెప్పుల్లేకుండా పరుగెత్తింది.

మోకాలి లోతు బురదలో విమానం బోర్లా పడుంది. ఒక రెక్క విరిగింది. రోములో అనే ఆ కెప్టెన్ నుదుటి నెత్తురు తుడుచుకుంటూ గట్టు మీద కూర్చున్నాడు.

"ఏడవకక్కా, నీ మొగుడు పరుపుల మీద పడ్డాడు. ఆ భాగ్యం నాకేదీ?" అన్నాడు.

అంతలో తలుపులోంచి ఎలియెసెర్ పాక్కుంటూ బయటికొచ్చాడు. నిలువెల్లా బురద. ఒతీలియా అతని గుండెల మీద రెండు గుద్దులు గుద్ది, మెడ పట్టుకుని భోరుమంది.

"కప్పు కడిగేశానయ్యా! అంతా నావల్లే!"

"పిచ్చిమొహమా! నేను సగం ఎందుకు వదులుతున్నాననుకున్నావ్? అది కాఫీనా, బెల్లం పానకమా? అంతకుమించి గొంతు దిగదే!"

"మరి ఇన్నాళ్లూ చెప్పి చావొచ్చుగా!"

"నీకు చెప్పడం కంటే ఆ ఇంజనుతో వేగడమే నయం."

ఒతీలియా కళ్లనీళ్లతోనే పకపకా నవ్వింది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది.

బడ్డీకి తీసుకొచ్చి, బెల్లం పలుకైనా వేయకుండా కాఫీ కాచి చేతికిచ్చింది. అతను ఊదుకుంటూ ఇష్టంగా తాగాడు. సగం దాకా వచ్చి ఆగి, కప్పు కింద పెట్టేశాడు.

"ఇందులో బెల్లం వేయలేదుగా! ఇంకేం రోగం?" అంది.

ఎలియెసెర్ ఆమె వైపు చూడకుండా కప్పును మెల్లగా ముందుకు జరిపాడు.

"బాగుందే. అయినా ఉండనీ. మళ్లీ ఎక్కాల్సినవాణ్ణే కదా."