గోవిందలు కొట్టించిన నా మొదటి ఉపన్యాసం

మాట్లాడటం నాకు ఎవరూ నేర్పక్కర్లేదనుకునేదాన్ని. మాచర్ల పక్కన మా ఊళ్లో, నీళ్ల దగ్గర ఎవరితో వాదం వచ్చినా నాదే పైచేయి. అందుకే పంతొమ్మిదివందల నలభైల్లో మా ఆడపిల్లల బడి మూతపడబోతుంటే ఊరిని ఒప్పించే పని బడివాళ్లు నా నెత్తిన పెట్టారు. పిల్లలు రావడం లేదు కాబట్టి మూసేస్తామని పై అధికారి కబురు పంపాడు. శుక్రవారం ఆయన వచ్చినప్పుడు తండ్రులు లేచి, మా కూతుళ్లను పంపుతామని చెప్పాలి. లేకపోతే తాళమే.

నాకు ఆ బడి కావలసింది మా చెల్లెలి కోసం. మా నాన్న నాపరాళ్ల క్వారీలో పనిచేసేవాడు, అమ్మ పొలం కూలికి వెళ్లేది. నన్ను చదివించిన ఆ నాన్నే, చెల్లెల్ని రెండో తరగతిలో మానిపించి చంటి తమ్ముణ్ని ఎత్తుకోమన్నాడు.

“నువ్వు చెప్తే అందరూ ఇంటారక్కా,” అంది చెల్లెలు, తమ్ముణ్ని చంకన మోస్తూ.

వినక చస్తారా అనుకున్నాను. సోమవారం సాయంత్రం రామాలయం అరుగెక్కాను. పుస్తకాల్లోంచి పెద్ద పెద్ద మాటలు ఏరి, బట్టీ పట్టి, “ఓ మహాజనులారా! విద్యావిహీనయగు స్త్రీ...” అంటూ రాగం తీశాను. జనం కదిలితే ఒట్టు. నేను పొంగిపోయాను. ముగించగానే ముందు కూర్చున్న ముసలమ్మ చేతులు జోడించి “గోవిందా, గోవింద!” అంది. అందరూ అందుకున్నారు. ఒకావిడ నా ముందు అరటిపండు పెట్టి దండం పెట్టింది. పురాణం విన్న పుణ్యం మూటకట్టుకుని అందరూ ఇళ్లకు పోయారు. బడి ఊసెత్తినవాడు ఒక్కడుంటేనా!

నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ చెల్లెలు, మా పిన్ని, పొట్ట పట్టుకుని నవ్వింది. పిన్ని నోటికి ఊరంతా దడిసేది. మా నాన్నయితే ఆవిడ ఎదురుపడితే సందు మారేవాడు.

“ఏందే ఆ రాగం? ఎవురితో మాట్లాడావు నువ్వు?”

“ఊరందరితో.”

“నేను పోట్లాడేటప్పుడు ఊరందరితో పోట్లాడతానా ఏందే? ఒకళ్ల మొహం చూసి అంటా. మిగతావాళ్లు వాళ్లే చెవులు రిక్కిస్తారు. ఒక మాట అను, ఆగు. అది దిగిందాకా రెండోది అనమాక.”

శుక్రవారం దాకా పిన్ని ముందే సాధన. రాగం వస్తే చేట విసిరేది. చేతులు నలిపితే తిట్టేది. అరవకుండా చివరివాడికి వినబడేలా కడుపులోంచి మాట తీయడం అప్పుడే వచ్చింది.

శుక్రవారం అధికారి కుర్చీలో కూర్చున్నాడు. నేను అరుగెక్కి ఒక్క మొహం కోసం వెతికాను. వెనక గోడకు ఆనుకుని, జుట్టు నిండా రాతిదుమ్ముతో మా నాన్న కనబడ్డాడు.

“నాన్నా,” అన్నాను. తలలన్నీ అటు తిరిగాయి. “ఉత్తరం ముక్క వస్తే నాతోనే చదివించుకుంటావు గదా. రేపు నేను అత్తారింటికి పోతే ఎవరు చదివిపెడతారు?”

ఆగాను.

“చెల్లిని ఎందుకు మానిపించావు?”

మళ్లీ ఆగాను. నోరు దురద పెట్టింది. పిన్ని కళ్లురిమింది. ఊరుకున్నాను. నాన్న గొంతు సవరించుకున్నాడు.

“పంపుతాలేవే. ఇంక దిగు.”

జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వులోనే ఇంకొకాయన లేచి, “మా పిల్లని గూడా రాసుకోండయ్యా,” అన్నాడు. ఆ వెనక అందరూ ఒక్కసారే మాట్లాడారు. గోవిందలు కొట్టిన ముసలమ్మ, మనవరాలిని పంపవేమిరా అని కొడుకుతో తగాదాకు దిగింది. ఈసారి నాకు ఎవరూ దండం పెట్టలేదు. అబ్బ, ఎంత హాయిగా ఉండిందో!

తెల్లారి చెల్లెలు పలక పట్టుకుని బయల్దేరింది. నాన్న తమ్ముణ్ని భుజానేసుకుని, పిన్ని గుమ్మం ముందు నీళ్లు నములుతూ నిలబడ్డాడు. నేను ఆయన చెవిలో చెప్పాను.

“మొహం చూసి ఒక్క మాట అను నాన్నా. అని, ఆగు.”

“పిల్లోణ్ని చూసుకో,” అన్నాడు నాన్న. ఆగాడు.

పిన్ని నావైపు కొరకొరా చూసి, తమ్ముడి కోసం చేతులు చాచింది.