నీళ్ళు చల్లిన గోడ

మొన్న ఆదివారం మా అన్న మనవరాలు స్నేహితులతో కలిసి బండ్లమీద పెరియపాళెయం వైపు తిరిగొచ్చి, నా మంచం మీద చతికిలబడి ఫోనులో బొమ్మలు చూపించింది. పెంకులు జారిన ఇళ్ళు, గోడల్లో మొలిచిన రావిమొక్కలు, తలుపులు ఊడిపోయిన సత్రాలు, ఒకదాని వెంట ఒకటి వేలితో తోసుకుంటూ పోయింది. “ఈడ చూడవ్వా, ఎంత అళగా ఉండాదో” అంటే అవునమ్మా అన్నాను గానీ, పక్కగదిలో మా అన్న చెవులు రిక్కించి వింటున్నాడని నాకు తెలుసు. పాడుబడిన ఇల్లు అందంగా కనబడాలంటే ఆ ఇంటితో మనకే పనీ ఉండకూడదు. ఆ మాట దానితో అనలేక, కాఫీ పెడతానని వంటింట్లోకి లేచిపోయాను.

ఈ పిచ్చి మా ఇంట్లో కొత్తదేం కాదు. మా అన్న పెరంబూరు రైలు వర్కుషాపులో ఉద్యోగం చేసే రోజుల్లో, ఆదివారం వస్తే చాలు, సెకండుహ్యాండు కెమెరా ఒకటి మెడకు తగిలించుకుని, స్కూటరు వెనక నన్నెక్కించుకుని, మాధవరం దాటి పొలాల మధ్య సన్నరోడ్లు పట్టి పోయేవాడు. కూలడానికి సిద్ధంగా ఉన్న సత్రమో, లోగిలో కనబడితే బండి అక్కడ ఆగాల్సిందే. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టుంది వీడి వ్యవహారమని మా అమ్మ విసుక్కుంటూనే మాకు పులిహోర కట్టి ఇచ్చేది. రీలు ఎంత పొదుపుగా వాడుకోవాలో మన తరం వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. ఒక్క బొమ్మ కోసం ఎండ కదిలేదాకా అరుగు మీద కూర్చునేవాళ్ళం. గది చీకటిగా ఉంటే గుమ్మం బయట తెల్లపంచె పరిచి పట్టుకుని ఎండను లోపలికి మళ్ళించడం నా పని. ద్వారం పైన రాతిలో చెక్కిన దాత పేరు అరిగిపోయి ఉంటే చెంబుతో నీళ్ళు చల్లడం కూడా నా పనే. తడిసిన రాయి నల్లబడి, అంతవరకూ కనబడని అక్షరాలు లేచి నిలబడేవి, అవి ఆరేలోగా మా అన్న బొమ్మ తీసేసేవాడు.

అన్ని ఊళ్ళు తిరిగినా మా అన్న మనసు మాత్రం ఒక గోడ మీదే ఉండేది. మా నాన్న రెడ్‌హిల్స్ చెరువు అవతల ఒక పల్లెలో తెలుగు బడి పంతులు. తరతరాల కిందట ఈ అరవదేశానికి వచ్చి అక్కడ సేద్యం చేసుకుంటున్న మనవాళ్ళు తమ పిల్లల కోసం నడుపుకున్న ఒంటిగది బడి అది. పటాలు కొనే స్తోమత లేక, నాన్నే లాంతరు మసిలో తుమ్మబంక కలిపి, సున్నం కొట్టిన మట్టిగోడ మీద జానెడేసి అక్షరాలు రాసిపెట్టాడు. నేనూ అన్నా ఆ గోడ ముందు కూర్చునే దిద్దుకున్నాం. నాన్న పోయాక వ్యాసర్పాడి వచ్చి పడ్డాం, ఒక వానాకాలం ఇంట్లోకి నీళ్ళొచ్చి, ట్రంకుపెట్టెలోని నాన్న కాగితాలూ, ఉన్న ఒక్క ఫోటో కూడా గుజ్జయిపోయాయి. ఇక నాన్న చేతిదంటూ మిగిలింది ఆ గోడ ఒక్కటే. బడి మూతపడ్డాక ఆ స్థలం ఆసామి అందులో గడ్డి వేసుకుని తాళం బిగించాడు, ఎన్నిసార్లు పోయి అడిగినా ఇదిగో అదిగో అనేవాడే గానీ తీసేవాడు కాదు.

అంతలో మా అన్న కళ్ళకు ముప్పొచ్చింది. కంటినరం ఎండిపోతోంది, పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదైనా ఎన్నాళ్ళో చెప్పలేమన్నారు డాక్టర్లు. నాలుగువైపుల నుంచీ చీకటి మూసుకొచ్చి, గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్య కాస్త మాత్రం కనబడేది. ఆ ఏడాదంతా స్కూటరు వదిలేసి, బస్సులో నా భుజం పట్టుకుని, వారం వారం ఆ ఆసామి గుమ్మం ముందు నిలబడి, కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువగా బతిమాలాడు. నేను మొక్కని దేవుడు లేడు. చూపు నిలవదని తెలిసిపోయింది గనుక, చూపుండగా ఆ తాళం తీయించమని మొక్కుకున్నాను.

తాళం తీశారు, పడగొట్టడానికి. స్థలం అమ్ముడుపోయిందనీ, తెల్లారితే గోడలు కూడా ఉండవనీ బస్సుస్టాపు దగ్గర టీకొట్టాయన చెప్పేసరికి ఇద్దరం పరుగెత్తాం. పొద్దు వాలుతోంది, ఆకాశం నిండా మబ్బు, పంచె పట్టుకున్నా మళ్ళించడానికి ఎండే లేదు. గోడంతా గడ్డిదుమ్ము పట్టి అక్షరాలు ఉన్నాయో లేవో అన్నట్టున్నాయి. మా అన్న కెమెరా కంటికి ఆనించి, దించి, మళ్ళీ ఆనించి, “ఏడుండాయి పాపా, నాకేం కనపళ్ళా” అన్నాడు. “నీళ్ళు చల్లు, తేలతాయి. సీక్కిరం” అని తొందరపెట్టాడు. ఇన్నేళ్ళ అలవాటు గదా, చల్లాను. అది రాయి కాదనీ, సున్నమూ బంకా అనీ ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

తేలాయండీ. పొద్దున రాసినట్టు నల్లగా నిగనిగలాడుతూ తేలాయి. “కనపడతా ఉండాయి పాపా” అని మా అన్న నవ్వాడు. ఆ మిగిలిన ఇంత చూపుతో కెమెరా అద్దం తిప్పి సరిచేసుకునేలోగా మసి కరిగి ధార కట్టింది, వెనకే సున్నం ఉబ్బి పెచ్చులు పెచ్చులుగా జారింది. నేను పోయి అరచేతులు అడ్డం పెట్టాను. పెచ్చులు పడే చప్పుడు విని ఏమాయ, ఏమాయ అని అడుగుతూనే, రీలు అయిపోయేదాకా మా అన్న నొక్కుతూనే ఉన్నాడు. కడిగించి చూస్తే అన్నింట్లోనూ నల్లటి చారలు, నా చేతులు.

ఇప్పుడు ఆ పల్లె ఆనవాలు కట్టలేను. సన్నరోడ్డు పోయి లారీల రోడ్డు వచ్చింది, బడి ఉన్నచోట రేకుల గోడౌను వేశారు. మా పిల్లలకు తెలుగు మాటలొస్తాయి, అరవం కలుపుకుని చక్కగానే మాట్లాడతారు, అక్షరాలు మాత్రం రావు. మా అన్నకు పూర్తిగా చీకటైపోయింది. మధ్యాహ్నం భోజనమయ్యాక నా వైపు అరచెయ్యి చాపి “నాన్న మాదిరి రాయి పాపా” అంటాడు. నాన్న తలకట్టు పెడితే చివర చిన్న విసురొకటి ఉండేది, మరెవరి రాతలోనూ నేనది చూడలేదు. ఆ విసురుతో సహా వేలితో రాస్తాను, “అదే, అదే” అని తల ఊపుతాడు. ఈ మధ్య ఆ విసురు పైకి లేచేదో, కిందికి వాలేదో నాకు ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. ఎవర్నీ అడగడానికి లేదు. ఒకరోజు పైకి రాస్తున్నాను, ఒకరోజు కిందికి రాస్తున్నాను. రెంటికీ మా అన్న అదే అంటున్నాడు.