కాళ్ళు చూడందే బావి దిగనివ్వని గుర్వయ్య

గుర్వయ్య మనుషుల ముఖాలు చూడడు, కాళ్ళు చూస్తాడు. దేవరకొండ వైపు ఆ ఊళ్ళో ఒక్కసారి చూసిన మడమను పదేళ్ళకైనా గుర్తుపట్టేవాడు. సొంత బావమరిది ముఖం మాత్రం రెండుసార్లు మరిచిపోయాడు.

తెల్లారేసరికి దిగుడుబావి పైమెట్టు మీద కర్ర అడ్డం పెట్టి కూర్చునేవాడు. "కాలు చూపియ్. రెండోది. ఏళ్ల సందులు చూపియ్." నారికురుపు కాలు నీళ్ళలో పెడితే పురుగు పిల్లలు బావిలో పడతాయనీ, ఆ నీళ్ళు తాగినవాళ్ళకు ఏడాది తిరిగేసరికి కురుపు లేస్తుందనీ దవాఖానలో చెప్పారు. అప్పటికే తన పిక్కలోంచి రెండు మూరల పురుగును పుల్లకు చుట్టి రోజుకింత లాగుతూ ఒక వానకాలమంతా మంచంలో గడిపినవాడాయన. లేచిన రోజునుంచీ ఊరి కాళ్ళన్నీ ఆయనవే.

చిన్నా పెద్దా తేడా లేదు. రెవెన్యూ అధికారి గిర్దావరు గుర్రం దిగి బావి దగ్గరికొస్తే, "బూట్లిప్పుండ్రి సాబ్" అన్నాడు. ఊరంతా ఊపిరి బిగబట్టింది. గిర్దావరు నవ్వి విప్పాడు. "కాళ్ళు మంచియే గని గోళ్ళు తియ్యాలె" అని తీర్పు చెప్పాకే దారి వదిలాడు. మనుమరాలి పెళ్ళిచూపుల్లో వరుడి కాలు ఒళ్ళో పెట్టుకుని పరీక్షించిన ఘనత కూడా ఆయనదే.

ఆ ఎండాకాలం నర్సింగమ్మ మడమ మీద నారికురుపు బొబ్బ లేచింది. నిప్పు పెట్టినట్టు మంట. చల్లటి నీళ్ళలో కాలు ముంచితే తప్ప ప్రాణం నిలవదనిపించేది. మగడు కూలికి దూరం పోయాడు. ఇంట్లో లేవలేని అత్త, కుండలో చుక్క లేదు. మడమకు పసుపు దట్టంగా మెత్తుకుని ఆడవాళ్ళ గుంపులో దూరింది.

"ఏమమ్మా, పసుపు ఒక్క కాలికే పూసినవేంది?"

"మొక్కు మామా!"

"ఒంటికాలి మొక్కా? ఏ దేవునికి?"

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. కర్ర మాత్రం లేవలేదు.

"పొడి మెట్టు మీద నిలవడి చేదుకుంట మామా. నీళ్ళల్ల కాలు పెట్ట."

"నువ్వు పెట్టవు. మంటకు గదే పోతది, నాకు తెల్వదా? మానేదాక గీ బాయి దిక్కు రాకు."

"మా అత్త గొంతెండి సావాల్నా?"

గుర్వయ్య అప్పటికే వెనకామె కాలు చూస్తున్నాడు.

మిట్టమధ్యాహ్నం ఊరంతా ఎండకు తలుపులేసుకున్నాక నర్సింగమ్మ కుంటుకుంటూ మళ్ళీ వచ్చింది. పైమెట్టు మీద మనిషి లేడు, కర్రా లేదు. పురుగైనా పాడైనా ఇవాళ దిగాల్సిందే అనుకుంది. ఇంతలో మెట్ల మీంచి రొప్పుతూ ఎవరో పైకి వస్తున్నారు.

గుర్వయ్యే. చంకన కుండ! ఆ ఊళ్ళో మగవాడు నీళ్ళకుండ చంకనెత్తితే ఏడాదిపాటు నవ్వుకుంటారు. మెలికలు తిరుగుతూ, అడుగుకో దోసెడు ఒలకబోస్తూ వస్తున్నాడు. నీళ్ళు వడబోసిన కొత్త ధోవతి, నాలుగు మడతలతో, ఇంకా కుండ మూతికే కట్టి ఉంది.

"ఎవలకు మామా గియ్యి?"

"నీకొకటి, ఐలేశానికొకటి, ఈదమ్మకొకటి. పొద్దుగాల ముగ్గుర్ని ఎళ్ళగొట్టిన. ఎళ్ళగొట్టినోడు మోయొద్దా?" చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఎవలన్న సూసిండ్రా?"

"నేను సూసిన."

"ఎవలకూ జెప్పకు."

నర్సింగమ్మకు ఏడుపు రాబోయి నవ్వొచ్చింది. దగ్గరికి జరిగి, కుండను ఆయన నడుం మీదికి సర్ది, చెయ్యి దాని మెడ చుట్టూ వేయించింది.

"జెప్ప గని మామా, జర వొంగి నడువు. మా ఇంటికొచ్చేసరికి సగమన్న ఉండాలె."