వోల్టేజీ పెట్టె పక్కన నూకాలప్ప

రంగూన్‌లోని పజుండౌంగ్ పేటలో మా వీధి చివర పాత టీవీలు, రేడియోలు బాగుచేసే ముసలాయన కొట్టుంది. మొన్న మా ఇన్వర్టర్ చూపించడానికి వెళ్ళేసరికి ఆయన ఎవరిదో పొట్ట పెద్దదైన పాత టీవీ వెనక డొప్ప విప్పి, రోజులో కరెంటు ఉండే ఆ కాస్సేపట్లో దాన్ని వెలిగించి చూస్తున్నాడు. ఏళ్ళ తరబడి లోపల పేరుకున్న దుమ్ము వెచ్చబడి కమిలే వాసన, గోనెసంచీ వాసనా అగరొత్తి బూడిద వాసనా కలిసినట్టుండే ఆ వాసన ముక్కుకు తగలగానే నా చిన్నప్పటి శనివారం సాయంత్రాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. వాటి వెనకే, ముప్పై ఏళ్ళుగా నేను పక్కకు నెడుతూ వస్తున్న ఒక మధ్యాహ్నం కూడా వచ్చింది.

అప్పుడు కింద నాన్న పప్పుల కొట్టు, పైన మేం. వానాకాలం నెలలన్నీ మినుముల బస్తాల చెమ్మ వాసన మెట్ల మీదుగా పైకెక్కి మా దుప్పట్లలోకి, పుస్తకాల్లోకి, ఆఖరికి మామ్మ దేవుడి గూట్లోకి కూడా చేరేది. వానలు తగ్గగానే కిటికీలన్నీ తెరిచి, పరుపులు ఎండలో వేసి, టీవీ మీద కప్పడానికి అమ్మ కుట్టిన పూల గుడ్డ ఉతికి ఆరేసేవారు. ఆ టీవీ మా ఇంట్లో ఒక మనిషితో సమానం. దానికి కాపలా కూడా కావాల్సి వచ్చేది, ఎందుకంటే రంగూన్ కరెంటు ఒక్క తీరున ఉండేది కాదు. వీధిలో ఎవరైనా ఇస్త్రీపెట్టె పెడితే చాలు, తెర మీద బొమ్మ నాలుగు వైపుల నుంచీ ముడుచుకుపోయి అరచేయంత మిగిలేది. అందుకని టీవీ పక్కన ఒక ఇనప వోల్టేజీ పెట్టె, దానికొక గుండ్రటి చెవి, గాజు వెనక ఒక ముల్లు ఉండేవి. ముల్లు పడిపోతే చెవి కుడికి తిప్పాలి, ఉన్నట్టుండి ఎగిరితే ఎడమకు తిప్పాలి, ఆలస్యమైతే టీవీ కాలిపోతుంది. ఆ తిప్పే పని నూకాలప్పది.

నూకాలప్ప మా ఇంట్లోనే ఉండి పనిచేసేది. ఆమెది నది అవతలి దలా. వాళ్ళ తాత ఓడరేవులో బస్తాలు మోయడానికి గంజాం వైపు నుంచి వచ్చినవాడు. నేను పుట్టకముందే మా ఇంటికి వచ్చి, వంటింటి పక్కన తలుపు లేని గదిలో చాప పరుచుకుని, పెళ్ళీ పిల్లలూ లేకుండానే ముసలితనం వైపు నడిచింది. బర్మా ఆడవాళ్ళలా బుగ్గలకు చెట్టు బెరడు గంధం పూసుకునేది, లుంగీ కట్టేది, నోరు తెరిస్తే మాత్రం మా మామ్మ కంటే పాత తెలుగు. కొట్టుకు పోయే కందిపప్పులో రాళ్ళు ఏరుతూ, ఏరిన ప్రతి రాయినీ నాకు చూపించి, ఇది ఫలానా వాడి బుర్రలో ఉండాల్సింది అని నవ్వించేది. నాకు జ్వరం వచ్చినప్పుడల్లా నా మంచం పక్కనే నేల మీద పడుకునేది. మా ఇంట్లో నలుగురి మధ్యా ఆమె ఎక్కడా కూర్చున్నట్టు గుర్తులేదు, ఆ వోల్టేజీ పెట్టె పక్కన తప్ప.

శనివారం సాయంత్రం బర్మా భాషలో ఒక హాస్య నాటకం వచ్చేది. ఒక కలిగినవాళ్ళ కుటుంబం, ఆ ఇంట్లోనే ఉండే పనమ్మాయి. ప్రతి వారం ఆ అమ్మాయి ఏదో ఒకటి పగలగొట్టేది, యజమాని పిలవగానే కీచుమని అరిచి, మోకాళ్ళు ఎత్తెత్తి వేస్తూ పరిగెత్తి నీళ్ళకుండ వెనక దాక్కునేది. టీవీ పెట్టెలోంచి కనపడని జనం నవ్వేవారు, వాళ్ళతో పాటు మేమూ. నాన్న పడక్కుర్చీలో, మామ్మ మంచం మీద, అమ్మా నేనూ చాప మీద. నూకాలప్ప టీవీ పక్కనే గోడకు ఆనుకుని, ఒక చెయ్యి వోల్టేజీ పెట్టె చెవి మీద పెట్టి, ఒక కన్ను ముల్లు మీద పెట్టి, తెరను వాలుగా చూసేది.

"ఓలమ్మో, పెట్టెలో పిల్ల మల్లీ జాడీ పగలగొట్టీసింది! నానైతే ఈపాటికి మామ్మగారి సేత సీపురుకట్ట దెబ్బలు తినీదాన్ని."

"ఇప్పుడు మాత్రం ఏటి తక్కువ తిన్నావు? ముల్లు సూడు, ముల్లు!" అనేది మామ్మ.

అంత ఇష్టపడిన నాటకాన్ని ఆమె ఎదురుగా కూర్చుని ఎన్నడూ చూడలేదన్న సంగతి నాకు తట్టడానికి సగం జీవితం పట్టింది. ఆ రోజుల్లో నాకు తెలిసిందల్లా, పెట్టెలో పిల్లను నేను అచ్చంగా అనుకరించగలనని. ఆ కీచుమనే అరుపు, ఆ పరుగు, ఆ దాక్కోవడం. రంగూన్‌లోనే లత అనే పేట నుంచి మా పెదనాన్న పిల్లలు వచ్చినప్పుడు చేసేవాణ్ణి, బడిలో చేసేవాణ్ణి. "మల్లీ సెయ్యి గుంటడా" అని నూకాలప్పే అడిగి చేయించుకుని, కొంగు లేని మనిషి కనక ముంజేత్తో కళ్ళు తుడుచుకుంటూ నవ్వేది.

వానలు ముగిశాక బర్మావాళ్ళకు దీపాల పున్నమి వస్తుంది. ఆ రోజు చిన్నవాళ్ళు పెద్దల ముందు మోకరిల్లి, నుదురు నేలకు ఆనించి, ఏడాదిలో తెలిసీ తెలియకా చేసిన తప్పులు మన్నించమంటారు. పెద్దలు చెయ్యెత్తి దీవిస్తారు. దాన్ని గడో అంటారు. మా తాత కాలం నుంచీ మా ఇంట్లో కూడా అలవాటైపోయింది. మామ్మకు, నాన్నకు, అమ్మకు వరసగా గడో చేసి, అరటిపళ్ళూ సబ్బుబిళ్ళలూ పెట్టి, తర్వాత గవ్వలు, పొంగడాలు తినేవాళ్ళం. పొంగడాలు వేసేది నూకాలప్ప. ఆమెకు గడో చేయాలని ఎవరికీ తోచలేదు.

నాకు పన్నెండో ఏడు. పున్నమికి ముందురోజు శనివారమైంది. ఆ వారం నాటకంలో ఆ ఇంటి పిల్లలిద్దరూ పనమ్మాయిని లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె ముందు మోకరిల్లారు. ఆమె మామూలుగానే కీచుమని అరిచి కుండ వెనక దాక్కుంది. జనం నవ్వారు. పిల్లలు లేవలేదు, అలాగే వంగి ఉన్నారు. కాసేపటికి ఆమె మెల్లగా వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, చెయ్యెత్తి దీవించింది. ఈసారి పెట్టెలో జనం నవ్వలేదు. మా తెర ముడుచుకుపోవడం మొదలైంది.

"నూకాలూ! నిద్రోతన్నావేటి?" అని నాన్న కేకేశారు.

చూస్తే ఆమె వోల్టేజీ పెట్టె దగ్గర లేదు. లేచి వచ్చి, మా చాప వెనక, టీవీకి సరిగ్గా ఎదురుగా నిలబడి ఉంది.

మర్నాడు మధ్యాహ్నం మా గడోలు అయ్యాక అమ్మ నా చెవిలో, "నూకాలప్పకి కూడా సేసి రారా, నిన్న సూసినావు కదా" అంది. వంటింట్లోకి వెళ్ళాను. నూకాలప్ప తలంటుకుని, ఉతికిన గళ్ళ లుంగీ కట్టుకుని, ముడిలో పువ్వు పెట్టుకుని ఉంది. ఎప్పుడూ నిలబడి ఉండే మనిషి పీట మీద కూర్చుంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. పక్కన అరిటాకు ముక్కలో మూడు పొంగడాలు, నాకిష్టమని అంచులు మాడేదాకా ఉంచినవి.

మోకరిల్లాను. ఆమె చెయ్యి లేచింది. అప్పుడే గుమ్మంలోంచి, పండక్కి వచ్చిన పెదనాన్న కొడుకు, "ఒరే, పెట్టెలో పిల్లలా సెయ్యిరా" అని గుసగుసలాడాడు. మాట వాడిది, కాళ్ళు నావి. నుదురు నేలకు తగలకుండానే కీచుమని అరిచి, మోకాళ్ళు ఎత్తెత్తి వేస్తూ పరిగెత్తి, మా నీళ్ళకుండ వెనక దాక్కున్నాను. పిల్లలు పడీపడీ నవ్వారు. నూకాలప్ప కూడా ముందు నవ్వింది. తర్వాత, ఇంకా గాల్లోనే ఉన్న ఆ చేతిని ఏం చేయాలో తెలియనట్టు ఒక క్షణం చూసుకుని, దాంతో జుట్టు సర్దుకుంది.

"సాల్లెండి, నగింది సాలు. పొంగడాలు సల్లారిపోతన్నాయి, తిను బాబూ."

తిన్నాను. మూడూ తిన్నాను.

పై శనివారం నుంచి ఆమె మళ్ళీ గోడ పక్కనే కూర్చుంది, కానీ తెర వైపు చూడలేదు. రెండు కళ్ళూ ముల్లు మీదే. బొమ్మ ఇంకెప్పుడూ ముడుచుకుపోలేదు. "నూకాలు ఇన్నాళ్ళకి పని నేర్చింది" అని నాన్న మెచ్చుకున్నారు. "మల్లీ సెయ్యి గుంటడా" అన్న మాట నేను మళ్ళీ వినలేదు.

కొన్నేళ్ళకు దానంతటదే తిప్పుకునే కొత్త వోల్టేజీ పెట్టె వచ్చింది. ఆమెకు మోకాళ్ళు పట్టేశాయి. దలాలో అన్న కూతురు పైడి దగ్గరికి వెళ్ళిపోయింది. ప్రతి పున్నమికీ వెళ్ళి గడో చేసి రావాలనుకునేవాణ్ణి. లాంచీ మీద నది దాటడానికి పావుగంట కూడా పట్టదు. కొట్టులో పని అనేవాణ్ణి, పిల్లాడికి జ్వరం అనేవాణ్ణి, రోజులు బాగాలేవనేవాణ్ణి. అసలు భయం, ఆ మధ్యాహ్నం ఆమెకు గుర్తుంటుందని.

కిందటేడు వెళ్ళాను. అరటిపళ్ళు, కొబ్బరికాయ, తువ్వాలు, సబ్బుబిళ్ళలు పట్టుకుని అడుగుతూ వెళితే, తడికల ఇంట్లోంచి పైడి బయటికి వచ్చింది. నేనెవరినో చెప్పుకున్నాను.

"అత్త మొన్న వానల్లోనే ఎల్లిపోయింది అన్నయ్యా" అంది. నా చేతిలో పళ్ళు చూసి, ఒక్కసారిగా ముఖం వెలిగించుకుని, "అయితే ఆ బాబువి నువ్వేనా? మా అత్తకి గడో సేసినోడివి?" అని, పిల్లల్ని కేకేసింది. "ఇలా రండ్రా, మామ్మ సెప్పీది కదా, పప్పుల కొట్టోరి బాబు నా ముందర మోకాళ్ళేసినాడని, ఈయనే! పున్నం వచ్చిందంటే ఆ కతే. ఈ సందులో ఇననోళ్ళు నేరు."

కుండ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. నేను మోకరిల్లినంత వరకే చెప్పింది.

పిల్లలు నన్ను గుడ్లప్పగించి చూస్తున్నారు. నిజం చెప్పొచ్చు. చెబితే ఆమె చివరిదాకా కాపాడుకున్న కథను పాడుచేసినట్టవుతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది సాకు. వాళ్ళ కళ్ళలో ఆ బాబుగా ఉండటం నాకు బాగుంది. "అవును, నేనే" అన్నాను. టీ తాగి లాంచీ ఎక్కేశాను.

మొన్న కొట్టులో ముసలాయన పరీక్ష పూర్తికాకముందే కరెంటు పోయింది, వాసన ఇంకాసేపు ఉండి చల్లారింది. పై అరలో తుప్పు పట్టిన వోల్టేజీ పెట్టె ఒకటి కనిపిస్తే పనిచేస్తుందా అని అడిగాను. "కరెంటుంటే కదా బాబూ ముల్లు లెగడానికి" అని నవ్వాడు. మా పప్పుల కొట్టు ఇప్పుడు ఎవరిదో ఫోన్ల దుకాణం. ఆ నాటకం టేపులు ఎక్కడా లేవంటున్నారు. నాన్న, అమ్మ, మామ్మ లేరు. మా నీళ్ళకుండ కూడా ఎప్పుడో పగిలిపోయింది. దాని వెనక నుంచి నేను మాత్రం ఇంకా లేవలేదు.