స్తోత్రం పూర్తయ్యేదాకా

నిజాం జమానా పోయిన కొత్తల్లో, నాంపల్లి స్టేషను వెనుక మా భజన మందిరంలోనే వాలంటీర్ ఫైరు దళం పుట్టింది. ఆ రోజుల్లో ఊళ్ళో నిప్పు చాలాసార్లు మనిషి చేతితోనే అంటుకునేది. మాడిన శరీరాలను మోసుకొచ్చిన చేతులతోనే మావాళ్ళు సాయంత్రం తాళాలు వాయించేవాళ్ళు. ఫైరింజను వచ్చేలోపల గల్లీ ఖాళీ చేయించడం, లోపల చిక్కినవాళ్ళను బయటికి లాగడం వాళ్ళ పని.

సర్కారు పాత మిలిటరీ వైర్‌లెస్ సెట్లు రెండు ఇచ్చింది. ఒకటి మందిరం పక్క గదిలో టెలిఫోను దగ్గర ఉండేది. రెండోదాన్ని మా ఆయన వీపుకు కట్టుకుని మంటల దగ్గరికి మోసుకుపోయేవారు. ఆయన రైల్వేలో గుమాస్తా, నేను ఆడపిల్లల బడిలో పంతులమ్మను. మా నాయన పురాణం చెప్పేవాడు. చిన్నప్పటి నుంచీ సత్సంగంలో చదివిన గొంతు కాబట్టి గదిలో సెట్టు ముందు నన్ను కూర్చోబెట్టారు. భర్త పేరు నోటితో పలకను కాబట్టి నా సెట్టును మందిరమని, ఆయన సెట్టును రథమని పిలుచుకునేవాళ్ళం.

మాకు పని నేర్పింది పటాలంలో వైర్‌లెస్ నడిపి వచ్చిన ఒక ముసలాయన. అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. "బొత్తాం ఒత్తినవంటే నువ్వు చెవిటోనివి. ఇడిస్తేనే అవుతలోని మాట ఇనవడ్తది" అని మొదటి రోజే చెప్పాడు. మావాళ్ళేమో బొత్తాం ఒత్తి ముందు దేవుణ్ణి తలుచుకుని, తరవాత క్షేమం అడిగి, అప్పుడు సంగతి చెప్పేవాళ్ళు.

"భక్తులతోని పరేషానే, బేటీ. నోరు తెరిస్తే హారతి దాంక మూయరు" అని నవ్వేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆబిడ్స్ వెనుక గల్లీలో సినిమా రీళ్ళ గోదాము అంటుకుంది. ఆ కాలపు రీలు మందుగుండులాగా మండేది. ఉస్తాద్ నా పక్కనే కూర్చున్నాడు.

"మందిరం, డబ్బాలు పేల్తున్నయి" అన్నారు మా ఆయన. "మూత ఎగిరొచ్చి ఒకని నొసలు చీల్చింది. గేటుకు తాళమేసిండని జనం చౌకీదారును కొడ్తున్రు. నోరంత నెత్తురే. మావోళ్ళు ఆని మీద అడ్డం పడ్డరు. పైన ఇద్దరు కూలీలున్నరంట, నేను పోతున్న."

"ఇంజను బయల్దేరింది. జర ఆగుండ్రి" అన్నాను.

"ఆగితే ఆళ్ళుండరు."

కాసేపటికి మళ్ళీ మాట వచ్చింది. "మెట్లు కూలినయి. వెనక అర్రల ముగ్గురం ఉన్నం. ఒకని వీపు తోలు ఊడొచ్చింది, మొత్తుకుంటున్నడు. ఇంకొకడు దగ్గుతున్నడు. వెనక గోడొక్కటే సల్లగుంది. దానికే ఆనుకొని కూసున్నం."

అప్పుడే టెలిఫోను మోగింది. ఇంజను జమాదారు, గోదాము వెనుక అచ్చాఫీసు మేడ మీంచి.

"అమ్మా, వెనక గోడను దూలంతోని పొడుస్తం. గోడ లోపలికే పడ్తది. ఆళ్ళు గోడకాడ ఉంటే దాని కిందనే సమాధి. తలుపు మూలకు జరుగుమని చెప్పు."

నేను బొత్తాం ఒత్తి చెప్పి, విడిచాను. జవాబు రాలేదు. నరసింహ స్వామి స్తోత్రం వినిపించింది. ఆయన వేలు బొత్తాం మీదే ఉంది. నా మాట ఒక్కటీ ఆయనకు చేరలేదు.

మా సత్సంగంలో మొదలుపెట్టిన స్తోత్రాన్ని మధ్యలో విడవరు. కన్నతల్లి శవం ఇంట్లో ఉండగా కూడా ఆయన పట్టిన పారాయణం పూర్తిచేసే లేచారు. ఇప్పుడూ అంతే. శ్లోకానికీ శ్లోకానికీ మధ్య డబ్బాలు పేలుతున్నాయి, వీపు కాలినవాడు అమ్మా అని అరుస్తున్నాడు, రెండోవాడి దగ్గు. అన్నీ నా చెవిలోనే. నేనే వాళ్ళకు లేను.

"పైకప్పు ఊగుతున్నది. పొడవమంటవా, వద్దా?" అని జమాదారు అరిచాడు.

"పొడవమను, బేటీ. అంత భయంల ఆయన బొత్తాం ఇడుస్తడా?" అన్నాడు ఉస్తాద్.

"ఇడుస్తడు. ఆఖరుకు రెండు చేతులు ఎత్తి జోడిస్తడు. దండం పెట్టేటప్పుడు చేతుల ఏదీ ఉంచుకోడు."

"ఇంకెంతుంది?"

"మూడు శ్లోకాలు."

ఉస్తాద్ తల పట్టుకున్నాడు. నేను జమాదారును ఆగమన్నాను. అతను నన్ను తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను. పుట్టినప్పటి నుంచీ దైవనామం ఎంత సేపు వింటే అంత పుణ్యమని నమ్మినదాన్ని. ఆ వేళ అది తొందరగా అయిపోవాలని ఆ స్వామికే మొక్కుకున్నాను.

చివరి శ్లోకానికి ముందు శ్లోకంలో ఏదో పెద్దది కూలింది. దగ్గు ఆగిపోయింది. మా ఆయన గొంతు పగిలింది, కానీ పదం తప్పలేదు. చివరి శ్లోకం అయింది. టక్కుమని చప్పుడు, తరవాత ఒట్టి గరగర. చేతులు జోడించారు.

"రథం, గోడ ఇడిసి తలుపు మూలకు జరుగుండ్రి. గోడను పొడుస్తున్రు. జరుగుండ్రి."

విడిచాను. నేల మీద మనిషిని ఈడ్చిన చప్పుడు. తరవాత "ఔ" అన్నారు.

"పొడవుండ్రి" అన్నాను టెలిఫోనులో.

గోడకు పడ్డ కంతలోంచి మా ఆయనను, వీపు కాలినవాణ్ణి ప్రాణాలతో లాగారు. దగ్గినవాడి రొమ్ము మీద పైకప్పు దూలం మండుతూ పడి ఉంది. వాణ్ణి ముక్కలుగా తీయాల్సి వచ్చిందని తరవాత విన్నాను.

దవాఖానలో ఆయన రెండు చేతులకూ కట్లు. "స్వామి ఇన్నడే" అన్నారు.

"ఇన్నడు. ఎంటనే జవాబు పంపిండు. నా దగ్గరనే ఉండె. మీరు బొత్తాం ఇడువలే."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. అటే చూస్తూ, "ఆ దగ్గు ఎప్పుడాగింది?" అన్నారు. ఆయనకూ తెలుసు. అయినా ఏ శ్లోకం దగ్గరో చెప్పాను.

చేతులు మానినాక మళ్ళీ సత్సంగానికి వచ్చారు. ఆ స్తోత్రమే చదివేవారు. చివరి శ్లోకానికి ముందు శ్లోకంలో, సరిగ్గా మధ్యలో ఆపేవారు. పెద్దలకు కోపం వచ్చింది. "గిదేంది, పురాణం పంతులు అల్లుడివై ఉండి? మధ్యల ఆపితే దోషం గదా" అన్నారు.

"ఎవరన్న ఏమన్న చెప్తున్రేమో, జర ఇననియ్యిండ్రి" అని, తల వంచుకుని కాసేపు విని, మిగతాది చదివేవారు.