తీగ లేని ఫ్యాక్సూ, మా పక్కింటి అత్తయ్యా

"అత్తయ్య పోయిందే. నిద్దట్లోనే ఎల్లిపోయింది. జల్దీ రా" అని మొన్న పొద్దున అమ్మ ఫోన్ చేసింది. నేనప్పుడే ఊరవతల ఫ్యాక్టరీలుండే ఉర్లాలో బస్సు దిగి ఆఫీసు వైపు నడుస్తున్నాను. గేటు దాకా వెళ్ళి, లోపలికి పోకుండా వెనక్కి తిరిగి ఆటో ఎక్కాను. దారిలో ఏడుపు రాలేదు. వాళ్ళింటి వరండాలో ఆవిడ నీలం చెప్పులు కనిపించాక మాత్రం ఆపుకోలేకపోయాను.

ఆవిడ మాకు చుట్టం కాదు. రాయపూర్‌లో మా వీధిలో ఉన్న నాలుగైదు తెలుగు ఇళ్ళలో ఆవిడదొకటి. మా విజయనగరం వైపు అక్కని అప్ప అంటారు. నాన్న ఆవిణ్ని అప్పా అని పిలిచేవారు కాబట్టి నాకు అత్తయ్య అయ్యారు. రైల్వే ఆఫీసులో టైపిస్టుగా పనిచేసి రిటైరయ్యారు. భర్త అంతకుముందే పోయారు. కూతురు దగ్గర్లోనే ధర్సీవా అనే ఊళ్ళో టీచరు, వారం వారం వచ్చి చూసి వెళ్ళేది.

ఒక ఏడాది మురుగు కాలువ కోసం రోడ్డు తవ్వి మా వీధి ఫోన్ లైన్లన్నీ తెంపేశారు. మేమంతా ఫిర్యాదులు రాస్తూ కూర్చున్నాం. అత్తయ్య ఆ ఫోను టెలిఫోన్ ఆఫీసుకి తిరిగి ఇచ్చేసి, కంప్యూటరూ స్కానరూ ఇంటర్నెట్ డాంగిలూ కొనుక్కున్నారు. కాగితాన్ని స్కానర్ మీద బోర్లించి, కంప్యూటర్లోంచి అవతలివాళ్ళ ఫ్యాక్స్ నంబరుకి పంపేవారు. అక్కడ మామూలు మిషన్లోంచి కాగితం బయటికొచ్చేది. డాంగిల్‌కి సిగ్నల్ అందాలని కిటికీ ఊచకి రబ్బరు బ్యాండుతో కట్టేవారు. స్కానర్ మీద దుమ్ము పడకుండా పండరీ బట్టల బజార్లో కొన్న పువ్వుల గుడ్డ ముక్కతో ముసుగు కుట్టారు.

ఇదంతా మా నాన్నకి మింగుడుపడలేదు. ఆయన రైల్వేలో టెలిఫోన్ తీగలు చూసే ఉద్యోగం చేశారు.

"గాల్లో కాయితం ఎలా ఎల్తాదప్పా? తీగుండాల గదా!"

"నీ ఉద్యోగం అయిపోయింది తమ్ముడూ, ఇంకా స్తంభం దిగవేటి?" అనేవారు ఆవిడ.

పెన్షన్ కాగితాలనీ, పిల్లల సర్టిఫికెట్లనీ వీధిలో వాళ్ళంతా ఆవిడ దగ్గరికే తెచ్చేవారు. పంపడానికి అయిదు నిమిషాలు పడితే, ఆ తర్వాతి తతంగానికి అరగంట పట్టేది. కంప్యూటరు పంపానని చెప్పినా ఆవిడ నమ్మేవారు కాదు. అవతలివాళ్ళకి సెల్‌ఫోన్ చేసి, వాళ్ళు "మిల్ గయా మేడమ్" అని, అందిందని చెప్పినా వదలకుండా, ప్రతి పేజీలోనూ చివరి లైను చదివించుకునేవారు. చిరాకు పడి ఫోన్ పెట్టేసినవాళ్ళకి మళ్ళీ చేసేవారు. "పంపించానని నాకు చెప్పకు, చేరిందని చెప్పు" అన్నది ఆవిడ మాట. ఈ చాదస్తాన్ని చూసి ఆవిడ వెనకాల నేను నవ్వేదాన్ని. ఆవిడ గొంతు అనుకరించి అమ్మని కూడా నవ్వించేదాన్ని.

అలాంటి రోజుల్లోనే ఒక హోలీ వచ్చింది. అమ్మా నాన్నా విజయనగరంలో పెళ్ళికి వెళ్ళారు. నేను వీధిలో రంగులాడుతుంటే అమ్మ ఫోన్ చేసింది. నాన్నకి కడుపులో పేగుకి చిల్లు పడిందట, విశాఖపట్నంలో ఆసుపత్రిలో చేర్చారు, వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. ఏళ్ళ కిందట రాయపూర్‌లో ఆయనకి ఒక ఆపరేషన్ జరిగింది. అప్పుడేదో మందు పడక ప్రాణం మీదికొచ్చింది. ఆ మందు పేరు అమ్మకి గుర్తులేదు. "పాత కాయితాలు బీరువాలో ఉన్నాయే. అవి చూడందే మత్తివ్వలేమంటున్నారు. ఎలాగోలా పంపు!" అని ఆసుపత్రి ఫోన్, ఫ్యాక్స్ నంబర్లు చెప్పింది.

కాగితాలు దొరికాయి. డాక్టరు రాత చదవడం నా వల్ల కాలేదు. ఫోటో తీసి పంపడానికి అప్పటి నా ఫోన్లో కెమెరా లేదు. ఊళ్ళో దుకాణాలన్నీ మూసేశారు. పరుగెత్తుకుంటూ అత్తయ్య ఇంటికి వెళ్ళి, గుమ్మంలోంచే సంగతి చెప్పాను.

"ముందు చేతులు కడుక్కో" అన్నారు.

"అత్తయ్యా, నాన్న..."

"విన్నానమ్మా. రంగు చేతుల్తో మళ్ళీ కాయితం ముట్టుకుంటే అక్కడోళ్ళకి ఏది అక్షరమో ఏది మరకో తెలీదు. సబ్బు పెట్టి కడుగు. తుడుచుకునిరా."

ఆ క్షణంలో ఆవిడంటే ఒళ్ళు మండిపోయింది. కడుక్కుని వచ్చేసరికి ముసుగు తీసి, మడత పెట్టి పక్కన పెడుతున్నారు. మడత పెట్టడం ఇప్పుడు అవసరమా అని పళ్ళు కొరుక్కున్నాను. మూడు పేజీలు వెళ్ళాయి. వెళ్ళిందని కంప్యూటర్లో వచ్చింది. హమ్మయ్య అనుకుని, అమ్మకి చెప్పడానికి ఫోన్ తీశాను.

"ఆగు. చదివించుకోవాల."

"వెళ్ళిందని రాసింది కదా అత్తయ్యా! అక్కడ మా నాన్న చచ్చిపోతున్నారు, మీకిదేం పిచ్చి?" అని అరిచాను. ఆవిడ నా వైపు చూడనైనా చూడలేదు. ఆసుపత్రికి ఫోన్ కలిపి, ఒక్కో పేజీ చివరి లైనూ చదవమన్నారు. మూడో పేజీ దగ్గర, "ఆ లైనుకి పక్కన, మార్జిన్లో నిలువుగా రాసింది కూడా చదవండి బాబూ" అన్నారు.

"మార్జిన్లో ఏమీ లేదండీ. తెల్లగా ఉంది."

కాగితం మీద ఉంది. ఎప్పుడో ఎర్ర సిరాతో రాసి కింద గీత గీశారు. పాతబడి గులాబీ రంగుకి దిగిన ఆ రెండు మాటల్నీ స్కానరు వదిలేసింది. నల్ల పెన్నుతో దిద్దేస్తానన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"చదవలేనిదాన్ని దిద్దకూడదే. ఒక్క అక్షరం మారిపోతే?"

స్కానర్లో నలుపు పెంచారు. చాలలేదు. ఇంకా పెంచారు. కాగితమంతా మసి పట్టినట్టయింది, కానీ ఆ రెండు మాటలూ కనిపించాయి. మళ్ళీ పంపారు. మళ్ళీ ఫోన్ చేశారు. ఈసారి డాక్టరే మాట్లాడారు. ఆయన ఆ మందు పేరు చదివి, "ఇది మేం ఇవ్వబోయేదాంట్లో ఉందండీ. మార్చేస్తాం" అన్నారు.

ఫోన్ పెట్టేశాక ఆవిడ, కాగితం ఇంకా లోపల ఉండగానే, స్కానర్‌కి ముసుగు తిరగేసి తొడిగేశారు. అప్పుడు తెలిసింది నాకు, ఆవిడా భయపడ్డారని. నేను కింద కూర్చుని ఆవిడ ఒళ్ళో తల పెట్టుకున్నాను. నా జుట్టులోని రంగంతా ఆవిడ చీరకి అంటింది. క్షమించమని అడగాలనుకున్నాను గానీ అప్పుడు అడగలేదు. ఆ తర్వాత ఎన్నేళ్ళు గడిచినా అడగలేదు. నా అరుపు సంగతి ఆవిడ ఎవరితోనూ అనలేదు.

నాన్న తిరిగొచ్చి, బలం పుంజుకున్నాక ఆ కంప్యూటరు ముందు గంటసేపు కూర్చున్నారు. చివరికి, "ఎక్కడో ఒకచోట తీగుండే ఉంటాదప్పా" అన్నారు.

"ఉందిలే తమ్ముడూ. నీ కోసమే సముద్రం కింద ఏసేరట" అన్నారావిడ. ఇద్దరూ చాలాసేపు నవ్వారు.

మొన్న ఆవిణ్ని తీసుకెళ్ళే వేళకి అల్లుడూ, వీధిలో వాళ్ళూ పాడె ఎత్తడానికి వంగారు. డెబ్బై దాటిన మా నాన్న వాళ్ళ మధ్యకి వెళ్ళి ముందు కొమ్ము పట్టుకున్నారు. అమ్మ వద్దంది. "అప్ప గదే" అన్నారు, అంతే. ఆడవాళ్ళం వీధి చివర ఆగిపోయాం. కొంతదూరం పోయాక ఎదురింటి కుర్రాడు భుజం మార్చుకోవడానికి ముందుకొచ్చాడు. నాన్న తల అడ్డంగా ఊపారు. మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా చూస్తూనే ఉన్నాను. ఆయన భుజం దించలేదు.