డిక్కీలో రెండు బస్తాలు

మా ఆవిడ బస్సెక్కడం మొదలుపెట్టి అప్పటికి తొమ్మిది రోజులు. ఆవిడ ఇబ్రహీంపట్నంలో లెక్కల టీచరు. నా ఆఫీసూ అక్కడే. భవానీపురం నుంచి రోజూ మా చిన్న కార్లో కలిసి వెళ్ళేవాళ్ళం. ఆ కారుకి వెనక షాక్ అబ్జార్బర్లు రెండూ పోయాయి. గుంట తగిలితే ధన్‌మని కూలబడేది, గుంట దాటాక కూడా చాలాసేపు ఊగుతూనే ఉండేది. ఒకరోజు గొల్లపూడి దాటాక ఆవిడ నడుం పట్టుకుని, "ఇంక మీ కారుకో దండం అండీ. బస్సే నయం" అంది.

మీ కారట! కొన్న రోజున అది మన కారు. నాకు ఒళ్ళు మండింది. "ఎక్కకపోతే మానెయ్" అన్నాను. అనకుండా ఉండాల్సింది. మర్నాటి నుంచి నిజంగానే మానేసింది.

ఇంట్లో మాకు మాటలు కుదరవు. ఒక గదిలో మా అమ్మ టీవీ, ఇంకో గదిలో పిల్లల చదువులు. మేమిద్దరం తీరిగ్గా మాట్లాడుకునేది కార్లో, ఆ అరగంటే. వాళ్ళ హెడ్మాస్టరు గారి చాదస్తం గురించి, స్టాఫ్ రూములో ఎవరికి ఎవరితో పడటం లేదో అన్నీ అక్కడే వినేవాణ్ణి. విన్నన్నాళ్ళూ విసుక్కున్నాను కూడా. ఇప్పుడు పక్క సీట్లో నా టిఫిన్ క్యారేజీ కూర్చుంటోంది. థర్మల్ స్టేషన్ బూడిద లారీల వెనక నేనొక్కణ్ణే పాకుతుంటే ఆవిడ ఎక్కిన బస్సు హారన్ కొట్టుకుంటూ నన్ను దాటిపోయేది. దాచుకోవడం ఎందుకు, నాకు బెంగ పట్టుకుంది.

ఆ మధ్యలో ఒక ఆదివారం అవనిగడ్డ వైపు మా ఊరు వెళ్ళొచ్చాను. మా అన్నయ్య ఎప్పటిలాగే రెండు బస్తాల బియ్యం డిక్కీలో వేశాడు. మా అపార్టుమెంటులో లిఫ్టు పనిచెయ్యకపోవడంతో అవి అక్కడే ఉండిపోయాయి.

పదో రోజు సెలవు పెట్టి ఆటోనగర్ వెళ్ళాను. ఊరికే వెళ్ళలేదు. మూడు రోజులు ఫోన్లో వీడియోలు చూసి, మా ఆఫీసులో నలుగురి సలహాలు విని, చాలా జ్ఞానంతో వెళ్ళాను. మేస్త్రీ పెద్దవాడు, కళ్ళజోడుకి దారం కట్టుకున్నాడు. రెండు చేతులూ డిక్కీ మీద ఆనించి ఒక్క నొక్కు నొక్కి వదిలాడు. కారు ఊగుతుంటే వంగి చక్రాల వంక చూశాడు.

"వెనక బాగా కుంగిపోయిందండి. సామాను గట్రా వేస్తారా?"

"అబ్బే, సామానేంటండీ. తిరిగేది మేమిద్దరమే."

"ఇప్పుడు ఖాళీ బండేనా?"

"ఖాళీ బండే."

మేస్త్రీ తల పంకించి లోపలినుంచి రెండు రకాలు తెప్పించాడు. ఒకటి మెత్తది, ఒకటి గట్టిది. "ఖాళీ బండే ఇంత కుంగితే మెత్తవి ఆగవండి. గట్టివే వేసేద్దాం" అన్నాడు.

"నేనూ అదే అనుకున్నానండీ" అన్నాను. నేనేమీ అనుకోలేదు. అంత చూసి, అంత విని, రెంటినీ చేతిలో పట్టుకుంటే నాకు ఒకేలా కనబడ్డాయి.

తిరిగొచ్చేటప్పుడు చూడాలి నా వైభవం. గుంటల్లో కావాలని పోనిచ్చాను. సీటు పక్కన పెట్టిన నీళ్ళసీసా కదిలితే ఒట్టు! ఇంటికొచ్చేసరికి లిఫ్టు కూడా బాగైంది. ఆవిడ వస్తుంది కదా, బండి తేలిగ్గా ఉండాలని వాచ్‌మన్‌ని పిలిచి బస్తాలు రెండూ పైకి చేర్పించాను. సీటు తుడిచాను. "రేపు బస్సు మానేసి చూడు, తేలిపోతావు" అన్నాను.

"చూద్దాం లెండి" అంది.

మర్నాడు మొదటి స్పీడ్ బ్రేకర్ మీద ముందు చక్రాలు పెద్దమనుషుల్లా దిగాయి. వెనక చక్రాలు తన్నిన తన్నుకి మేమిద్దరం సీట్లోంచి లేచాం. రెండో దాని మీద క్యారేజీలో సాంబారు గిన్నె మూత ఊడింది. మూడోది దాటాక "ఆపండి" అంది. ఇక దిగిపోయి బస్సెక్కుతుందనుకున్నాను. నా ప్రాణం ఉసూరుమంది.

ఆవిడ దిగలేదు. క్లాసులో బోర్డు దగ్గర నిలబెట్టిన పిల్లాణ్ణి చూసినట్టు నన్ను చూసింది.

"నిన్న బాగానే ఉందన్నారు కదా?"

"నీళ్ళసీసా కూడా కదల్లేదు."

"నిన్న డిక్కీలో ఏముంది?"

"ఏమీ లేదు."

"బియ్యం?"

"బియ్యం ఉన్నాయనుకో."

మా ఊరివైపు ఎవర్నడిగినా ఇదే చెప్తారు. కార్లో బియ్యం ఉంటే అది సామాను కాదు. ఊరి నుంచి వస్తున్న కారులో బియ్యం ఉంటాయి, అంతే. అక్కడినుంచే మేస్త్రీకి ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"వంద కేజీలు వేసుకుని ఖాళీ బండంటారేంటండీ! బిగించినవి షాపువాళ్ళు తీసుకోరు. మీరు ఆ బస్తాలే మళ్ళీ వేసుకోండి" అన్నాడు.

సాయంత్రం బస్తాలు కిందికి దిగాయి. వాచ్‌మన్ నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను. అప్పటినుంచి మా వంటబియ్యం కారులోనే ఉంటున్నాయి. ఎసరు పెట్టాక మా అమ్మ డబ్బా నా చేతికిచ్చి, "కారుకెళ్ళి రెండు గ్లాసులు పట్రారా" అంటుంది. మా ఆవిడ నడుముకి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. హెడ్మాస్టరు గారి చాదస్తం మళ్ళీ రోజూ వింటున్నాను.

మొన్నటికి ఒక బస్తా సగమైంది. గొల్లపూడి దగ్గర వెనక చక్రాల నుంచి చిన్న తన్ను తగిలింది. ఆవిడ మాట ఆపేసింది, చెయ్యి నడుం మీదికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే పక్కనుంచి బస్సు పోతోంది. నేను దాని వంక చూడకుండా స్టీరింగ్ పట్టుకున్నాను.

ఆవిడ సంచిలోంచి ఫోన్ తీసి మా వదినకి చేసింది. "అక్కా, బావగారితో చెప్పి ఇంకో రెండు బస్తాలు పంపించరూ?"

"అప్పుడే తినేశారా?" అన్న వదిన మాట నాకూ వినబడింది.

"తినడానికి కాదక్కా. నేను ఈయనతో కార్లో వెళ్ళడానికి."

ఫోన్ సంచిలో వేసుకుని, "ఎంతవరకూ చెప్పాను? ఆఁ, హెడ్మాస్టరు గారు..." అని మళ్ళీ అందుకుంది.